బాడుగ చీటీలో కనిపించని ఖర్చు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద, నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆళ్లగడ్డ దేవతా విగ్రహాల తయారీకి పేరుపడిన పట్టణం. ఇక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ పట్టణంలో తయారయ్యే సరుకు ఎంత గొప్ప పనితనంతో రూపుదిద్దుకున్నా, అది ఎక్కడో ఒక ఊరి గుడిలో పీఠం మీద నిలబడినప్పుడే కొన్నవారికి ప్రయోజనం సిద్ధిస్తుంది కనుక, శిల్పి రాయితోనూ పనితనంతోనూ పాటు ఆ రాయి చేయవలసిన ప్రయాణాన్ని కూడా అమ్ముతున్నాడని చెప్పాలి. ధర మాట్లాడుకునేటప్పుడు రాతికీ పనికీ లెక్క ఉంటుంది. ప్రయాణానికి మాత్రం చాలా సందర్భాల్లో 'బాడుగ' అన్న ఒక్క మాట తప్ప మరేమీ ఉండదు. ఆ ఒక్క మాట చాటున ఎన్ని చెల్లింపులు ఉంటాయో, అవి చిన్న ఉత్పత్తిదారుల రాబడిని ఏ దారుల్లో తినివేస్తాయో తెలియాలంటే, సరుకు వెంట మెట్టు మెట్టుగా నడవవలసి ఉంటుంది.

వాణిజ్య పరిభాషలో రవాణా వేరు, నిర్వహణ వేరు. సరుకును ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చినందుకు వాహనానికి ఇచ్చేది రవాణా ఖర్చు, అంటే బాడుగ. దాన్ని కట్టడం, ఎత్తడం, తూచడం, ఎక్కించడం, మధ్యలో గోదాములో ఉంచడం, దించడం, కాగితాలు రాయడం వంటి పనులకు అయ్యేది నిర్వహణ ఖర్చు. బాడుగను ముందే అడిగి తెలుసుకోవచ్చు, బేరమాడవచ్చు. నిర్వహణ ఖర్చు అలా ఒక్కచోట దొరకదు. హమాలీ కూలి ఒకరికి, కాటా రుసుము మరొకరికి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో రాసే ఎల్.ఆర్., అనగా సరుకు అందినట్టు రవాణాదారు ఇచ్చే రసీదు, దానికి ఇంకొంత, దారిలో టోల్, చేరిన చోట దించేవారు సిద్ధంగా లేకపోతే బండి నిలిచినందుకు హాల్టింగ్ చార్జీ, ఆఫీసు నుంచి ఇంటికో గుడికో చేర్చినందుకు డోర్ డెలివరీ చార్జీ, ఇలా విడివిడిగా, చాలావరకు రొక్కంగా, రసీదు లేకుండా చేతులు మారుతుంది. రసీదు లేని ఖర్చు ఖాతాపుస్తకంలోకి ఎక్కదు, ఖాతాలోకి ఎక్కని ఖర్చు తర్వాతి ధరలోకి రాదు. చిన్న వ్యాపారికి ఈ ఖర్చు కనిపించకపోవడానికి అసలు కారణం ఇదే తప్ప ఎవరో పనిగట్టుకొని దాచడం కాదు.

రాతి విషయంలో ఈ చిక్కు బరువుతో మొదలవుతుంది. నల్లరాయి నీటికంటే సుమారు 2.7 నుంచి 3 రెట్లు సాంద్రమైనది కాబట్టి ఒక ఘనపుటడుగు రాయి 80 కిలోల ప్రాంతంలో తూగుతుంది. మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అడుగు మందం ఉన్న దిమ్మె 350 కిలోలు దాటుతుంది. చెక్కడంలో కొంత రాయి రాలిపోయినా, మిగిలిన విగ్రహం ఇద్దరు ముగ్గురు మనుషులు చేతుల మీద ఎత్తగలిగేది కాదు. చైన్ పుల్లీ గాని, పెద్దదైతే క్రేన్ గాని కావాలి, అదీ ఒకచోట కాదు, ఎక్కించే చోట ఒకసారి, దించే చోట మరొకసారి. ఆళ్లగడ్డలో క్రేన్ దొరకడం కష్టం కాదు గాని, విగ్రహం చేరవలసిన ఊరు రహదారికి దూరంగా, బండి తిరగలేని సందులో ఉన్న గుడి అయితే అక్కడికి క్రేన్ రప్పించే ఖర్చు కొన్నిసార్లు ఆళ్లగడ్డ నుంచి అక్కడి దాకా అయిన బాడుగతో పోటీపడుతుంది. రవాణా శాస్త్రంలో దీన్ని ఆఖరి అంచె ఖర్చు అంటారు. మొత్తం దూరంలో అతి చిన్న భాగమే అయినా అతి ఎక్కువ ఖర్చును మింగే భాగం అదే కావడం ప్రపంచమంతటా కనిపించే సంగతి.

విగ్రహానికి ఉన్న మరో రెండు లక్షణాలు ఈ వ్యాపారాన్ని ఇతర సరుకుల వ్యాపారం నుంచి వేరుచేస్తాయి. మొదటిది, అంగహీనమైన విగ్రహం ప్రతిష్ఠకు పనికిరాదన్న నియమం. కుర్చీ కాలు విరిగితే అతికించవచ్చు, నేల మీద పరిచే బేతంచెర్ల బండ మూల విరిగితే కోసి చిన్న ముక్కగా వాడుకోవచ్చు. విగ్రహపు చిటికెనవేలు విరిగితే మాత్రం అది పూర్తి నష్టమే, ఎందుకంటే అతుకుపెట్టిన మూర్తిని ఆలయాలు స్వీకరించవు, ఒకరి కోసం చెక్కిన మూర్తిని మరొకరికి అమ్మడమూ తేలిక కాదు. రెండవది ముహూర్తం. ప్రతిష్ఠకు ముందు జలాధివాసం, ధాన్యాధివాసం వంటి క్రతువులు ఉంటాయి కాబట్టి విగ్రహం ముహూర్తానికి కొన్ని రోజుల ముందే చేరాలి, ఆ తేదీ మారదు. తేదీ మారని సరుకుకు బేరమాడే శక్తి తక్కువ. పార్ట్ లోడు, అంటే అదే దారిన పోయే ఇతర సరుకుల మధ్య కొంత చోటు అద్దెకు తీసుకోవడం, చౌకైన పద్ధతే అయినా, లారీ నిండేదాకా, మధ్య ఊళ్లలో సరుకు దించేదాకా ఆగే తీరిక శిల్పికి లేకపోవడంతో అతడు ఒక్క విగ్రహం కోసం బండి మొత్తాన్ని మాట్లాడుకోవలసి వస్తుంది. ఆ బండి తిరుగు ప్రయాణంలో సరుకు లేకుండా ఖాళీగా వస్తే దాని డీజిలు కూడా ఆ ఒక్క విగ్రహం మీదే పడుతుంది. లారీ యజమాని చెప్పే బాడుగలో ఆ ఖాళీ దారి ఖర్చు విడిగా కనిపించదు గాని, రిటర్న్ లోడు దొరికే పట్టణానికీ దొరకని పల్లెకూ దూరం ఒకటే అయినా బాడుగలు వేరుగా ఉండడానికి కారణం అదే.

ఆళ్లగడ్డకు రైలు లేదు. నంద్యాల నుంచి బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా ఎర్రగుంట్లకు వేసిన రైలుమార్గం 2016లో ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చినా అది ఆళ్లగడ్డను తాకకుండా పడమరగా వెళ్లిపోయింది. అందువల్ల రైలులో పంపదలచిన సరుకు ముందు లారీ ఎక్కి నంద్యాల చేరాలి, అక్కడ దిగి మళ్లీ ఎక్కాలి, అనగా ఎత్తడం దించడం రెండింతలవుతుంది. ఈ ప్రాంతానికి చవక రవాణా అన్న కల కొత్తది కాదు. 1871 నాటికి పూర్తయిన కర్నూలు కడప కాలువను తవ్విన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సాగునీటితో పాటు పడవల రాకపోకల మీద కూడా ఆశ పెట్టుకున్నది; ఆ లెక్కలు ఫలించక, చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చింది. కాలువ పొలాలకు మిగిలింది, పడవలు మిగలలేదు.

ఖర్చు తగ్గించుకోవాలన్న తొందరలో చిన్న ఉత్పత్తిదారు చేసే ఎంపికల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది రసీదు లేని బండి. పన్ను చట్టం దృష్టిలో సరుకు రవాణా సంస్థ అంటే ఎల్.ఆర్. వంటి పత్రం ఇచ్చే సంస్థ. అటువంటి పత్రం లేకుండా బండి నడిపే వ్యక్తిగత యజమాని ఆ నిర్వచనంలోకి రాడు, అతడి బాడుగ మీద జీఎస్టీ కూడా పడదు. తెలిసిన బండి, తక్కువ బాడుగ, కాగితాల బెడద లేదు. చూడటానికి అన్నీ లాభాలే. కాని దారిలో విగ్రహం విరిగినప్పుడు, ఏ సరుకు, ఏ స్థితిలో, ఎంత విలువకు అప్పగించారో చెప్పే కాగితమే లేకపోవడం వల్ల నష్టపరిహారం అడిగే ఆధారం కూడా ఉండదు. తగ్గిన బాడుగలో కొంత భాగం నిజానికి వదులుకున్న హక్కు ధర అని గుర్తించేవారు తక్కువ.

రసీదు ఉన్నంత మాత్రాన పూర్తి రక్షణ ఉంటుందనుకోవడమూ పొరపాటే. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణాదారుల చట్టం, దాని కింద 2011లో వచ్చిన నియమాలు రవాణాదారు బాధ్యతకు ఒక హద్దు గీశాయి: సరుకు పోయినా పాడైనా, అతడు చెల్లించవలసింది బాడుగకు 10 రెట్ల దాకా మాత్రమే, అదీ పంపినవారు రాసిన విలువకు మించకుండా. రెండు లక్షల రూపాయల విగ్రహాన్ని నాలుగు వేల రూపాయల బాడుగకు పార్ట్ లోడులో పంపారనుకుంటే, అది ముక్కలైనా పరిహారం నలభై వేలు దాటదు. బాడుగ ఎంత చవకైతే రక్షణ అంత పలచన అవుతుందన్న విచిత్రమైన లెక్క ఇందులో ఉంది. ఈ హద్దును దాటాలంటే సరుకు అప్పగించేటప్పుడే ఎక్కువ విలువను ప్రకటించి, అందుకు తగిన ఎక్కువ రేటు చెల్లించడానికి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేదా బీమా తీసుకోవాలి. రవాణా బీమాలోనూ అన్నీ ఒకే రకం కావు: కొన్ని పాలసీలు బండి బోల్తా పడడం, ఢీకొనడం, అగ్నిప్రమాదం వంటి పేర్కొన్న ప్రమాదాలకే వర్తిస్తాయి, దించేటప్పుడు జారి విరగడం వంటివి విస్తృత పాలసీలో తప్ప రావు, ఏ పాలసీ అయినా ప్యాకింగ్ సరిగా లేదని తేలితే పరిహారం నిరాకరించవచ్చు. గడ్డి, గోనె, పాత టైర్ల మధ్య పెట్టి తాళ్లతో కట్టిన విగ్రహం అనుభవజ్ఞుల చేతిలో భద్రంగానే చేరవచ్చు గాని, బీమా సర్వేయరు దృష్టిలో అది ప్యాకింగ్ అనిపించుకుంటుందా అన్నది ముందే ఆలోచించవలసిన ప్రశ్న.

పన్ను విషయంలో విగ్రహాలకు ఒక వరం ఉంది, ఆ వరంలోనే ఒక మెలిక ఉంది. రాతితో, పాలరాతితో, చెక్కతో చేసిన దేవతామూర్తులకు 2018 జూలై చివరి నుంచి జీఎస్టీ మినహాయింపు లభించింది. మండపపు స్తంభానికో, తోటలో నిలిపే ఏనుగు బొమ్మకో ఆ మినహాయింపు వర్తించదు. పన్ను లేని సరుకు అమ్మేవారికి, ముందరి దశల్లో తాము చెల్లించిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు, అంటే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్, ఉండదు. కొరియరు సంస్థ బిల్లు మీద పడే 18 శాతం జీఎస్టీ ఒక బట్టల వ్యాపారికి తర్వాత సర్దుబాటయ్యే మొత్తం. మూర్తులు మాత్రమే అమ్మే శిల్పికి అది తిరిగిరాని ఖర్చు. పన్ను లేని సరుకు అమ్ముతున్నామన్న ఊరటలో ఈ తేడా లెక్కకు అందకుండా జారిపోతుంది.

పూజామందిరాలకు సరిపడే చిన్న విగ్రహాలను ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ఎదురయ్యే ఖర్చుల తీరు వేరు. కొరియరు సంస్థలు అసలు బరువునూ, పెట్టె ఆక్రమించే చోటును బట్టి లెక్కగట్టే బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి రుసుము తీసుకుంటాయి. ఈ రెండోదాన్ని ఘనపరిమాణ బరువు అంటారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్కువ వాడుకలో ఉన్న సూత్రం. కిలోన్నర తూగే ఆరంగుళాల విగ్రహాన్ని, విరగకుండా చుట్టూ మెత్త వేసి, 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు ఉన్న పెట్టెలో పెడితే సూత్రం ప్రకారం బరువు 3 కిలోలు. రాయి వంటి బరువైన సరుకుకు కూడా చోటు లెక్కన రెట్టింపు రుసుము పడుతుందన్నమాట, దానికి కారణం రాయి కాదు, దాని చుట్టూ ఉన్న మెత్త. మెత్త తగ్గిస్తే విరుగుతుంది, పెంచితే ఖర్చు పెరుగుతుంది. ఈ రెంటి మధ్య సరైన పెట్టె కొలత కనుక్కోవడం చిన్న విక్రేతకు శిల్పమంత కాకపోయినా దానికి తగ్గ నైపుణ్యమే. దీనిపైన ఇంధన సర్‌చార్జీ, మారుమూల ఊరైతే అదనపు రుసుము, సరుకు అందినప్పుడు డబ్బు వసూలు చేసి ఇచ్చే క్యాష్ ఆన్ డెలివరీ రుసుము కలుస్తాయి. కొన్నవారు తలుపు తీయకపోయినా, వద్దన్నా సరుకు వెనక్కి వస్తుంది. వెళ్లిన బాడుగ, తిరిగొచ్చిన బాడుగ రెండూ విక్రేతవే. పది పార్శిళ్లలో రెండు ఇలా తిరిగొస్తే ఆ రెండింటి రానుపోను ఖర్చును మిగిలిన ఎనిమిది మోయాలి, కాబట్టి 'ఉచిత డెలివరీ' అని ప్రకటించే చిన్న విక్రేత, బుద్ధిగా కొన్నవారి డబ్బుతో కొననివారి బాడుగ కడుతున్నాడు.

విదేశాల్లో తెలుగువారు కట్టుకునే ఆలయాలకు విగ్రహం పంపవలసి వస్తే కనిపించని ఖర్చుల జాబితా మరింత పొడవవుతుంది. ముందుగా, అది పురావస్తువు కాదని రుజువు కావాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు పైబడిన శిల్పాల ఎగుమతిని ప్రైవేటు వ్యక్తులకు నిషేధించింది. పాత శైలిలో చెక్కిన కొత్త విగ్రహం కస్టమ్స్ అధికారి కంటికి పాతదిగా కనిపించే అవకాశం ఉన్నందున, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం తీసుకోవడం రివాజు. సంప్రదాయాన్ని ఎంత చక్కగా పాటిస్తే అనుమానం అంత పెరగడం ఈ కళకు దక్కిన వింత గౌరవం. తరువాత చెక్క పెట్టె. పచ్చి చెక్కలో పురుగులు దేశాలు దాటకుండా అంతర్జాతీయంగా అమలులో ఉన్న ప్రమాణం ప్రకారం, పెట్టె చెక్కను దాని నడిమి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడిని 30 నిమిషాల పాటు పొందేలా కాచాలి, లేదా ఆమోదించిన పొగ వేయాలి. అనుమతి పొందిన సంస్థ ముద్ర ఆ చెక్క మీద ఉండాలి. ముద్ర లేని పెట్టెలో వెళ్లిన విగ్రహం, తనలో ఏ లోపం లేకపోయినా, రేవులోనే ఆగిపోవచ్చు, వెనక్కి రావచ్చు.

ఓడ బాడుగ దగ్గర మరో ఉచ్చు ఉంది. కంటైనరులో కొంత చోటు మాత్రమే తీసుకునేవారికి ఘనపు మీటరు లెక్కన గాని, టన్ను లెక్కన గాని, ఏది ఎక్కువైతే దానికి చార్జీ పడుతుంది. ఆ చార్జీ తక్కువగా కనిపించినా, చేరిన దేశంలో సరుకు విడదీసినందుకు, గోదాములో ఉంచినందుకు, పత్రాలు అప్పగించినందుకు అక్కడివారు వేసే రుసుములు దానికి ఎన్నో రెట్లు కావచ్చు. వీటిని ఎవరు భరించాలన్నది ఒప్పందంలోని మూడక్షరాల మాట తేలుస్తుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదట ప్రకటించి, 2020లో తాజాగా సవరించిన ఈ మూడక్షరాల షరతుల్లో ఎఫ్.ఓ.బి. అంటే ఓడ ఎక్కించేదాకా ఖర్చు, బాధ్యత అమ్మినవారివి, సి.ఐ.ఎఫ్. అంటే గమ్యరేవు దాకా బాడుగా బీమా కూడా అమ్మినవారివే, అయితే నష్టభయం మాత్రం ఓడ ఎక్కినప్పుడే కొన్నవారికి బదిలీ అవుతుంది. గుడి దాకా చేరుస్తామని నోటిమాటగా ఒప్పుకున్న శిల్పి, తనకు తెలియకుండానే అవతలి దేశపు సుంకాన్ని, క్రేన్‌ను, రేవులో గడువు దాటితే పడే డెమరేజిని తన నెత్తికెత్తుకున్నట్టే.

నంద్యాల బియ్యం మిల్లుల్లో ఈ కనిపించని ఖర్చుల కథే వేరే రూపంలో నడుస్తుంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ముద్రిత సంచుల బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చినప్పుడు, దాన్ని తప్పించుకునేందుకు 26 కిలోల సంచి వాడుకలోకి వచ్చింది. హమాలీ కూలి చాలా చోట్ల బస్తా లెక్కన ఉంటుంది కనుక, ఒకప్పుడు ఒక్క పెద్ద బస్తాగా కదిలిన బియ్యం మూడు నాలుగు సంచులుగా కదిలినప్పుడు ఎత్తే లెక్కలు పెరుగుతాయి. సంచి బరువు తగ్గితే రేటు కొంత తగ్గినా ఆ తగ్గుదల నిష్పత్తిలో ఉండదు. బేతంచెర్ల బండల వ్యాపారికి బండలు విరగడమే ప్రధాన ఖర్చు. యాభై వేల రూపాయలు దాటిన సరుకుకు అతడు తీసుకునే ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున మాత్రమే చెల్లుతుంది కాబట్టి, దారిలో బండి చెడిపోయినప్పుడు, గడువు ముగియడానికి ముందు 8 గంటల్లో గాని, ముగిసిన తరువాత 8 గంటల్లో గాని దాన్ని పొడిగించుకోకపోతే జరిమానా కూడా బాడుగలో భాగమైపోతుంది.

ఈ ఖర్చుల్లో చాలావాటిని తప్పించుకోవడం సాధ్యం కాదు, రాయి బరువు తగ్గదు, ముహూర్తం మారదు. చేయగలిగినది వాటిని ధర చెప్పే కాగితం మీదికి తీసుకురావడం: విగ్రహం ధర ఒక వరుసలో, ప్యాకింగ్, ఎక్కించడం, బాడుగ, టోల్, బీమా, దించడం వేర్వేరు వరుసల్లో, ప్రతి వరుస పక్కన అది ఎవరి ఖర్చో రాసి ఆలయ కమిటీకి ఇవ్వడం. రేటు ఎక్కువ చెప్పినట్టు కనిపిస్తుందన్న భయంతో శిల్పులు ఈ పని చేయరు. నిజానికి ఇదే కమిటీలకూ మేలు, చివరి రోజున క్రేన్ డబ్బుల దగ్గర తగాదా ఉండదు. సరుకు బండి ఎక్కే ముందు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో రాసే ఫార్వర్డింగ్ నోటులో అసలు విలువను తగ్గించకుండా రాయించాలి, ఎక్కించే ముందు ఫొటోలు తీయాలి. విరిగిన సరుకు అందితే రసీదు మీదే ఆ సంగతి రాసి సంతకం చేయాలి. చట్టం ప్రకారం, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు రవాణాదారుకు రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే దావా వేసే హక్కే ఉండదు.